ఆఖరి షెడ్డులో తెల్లని ఆకారం

మురుగునీటి ప్లాంటులో ఆఖరి షెడ్డుకి మంచి పేరు లేదు. చీకటి పడితే లోపల మూలుగు వినిపిస్తుందని, అందులో ఏదో బతికే ఉందని అక్కడి పనివాళ్లు చెప్పుకునేవాళ్లు. వాళ్లు చెప్పగా విన్నదే ఇది. ఆ రెండో మాట మాత్రం అబద్ధం కాదు.

షెడ్డులో రాళ్లు పరిచిన తొట్టి ఉంది. మురుగుని ఎంత శుద్ధి చేసినా, మనం మింగిన మందులూ వాడి పారేసిన రసాయనాలూ కంటికి కనపడకుండా నీళ్లలో మిగిలిపోతాయి. ఆ రాళ్ల మీది గోధుమరంగు జిగురు వాటిని తినేస్తుంది. చూడ్డానికి పాచి, నిజానికి కోట్ల సూక్ష్మజీవుల కాపురం. ఆ తొట్టి చూసుకునే ఆపరేటరు దాన్ని పసిబిడ్డలా సాకాడు. వానాకాలంలో మొదలుపెడితే ఎండాకాలానికి గానీ రాళ్లకి పట్టలేదు. అక్కడ వడకట్టిన నీళ్లే చెరువులో కలిసి, తిరిగి ఊరి కుళాయిల్లోకి వస్తాయి.

ఇక తెల్లారితే తనిఖీ. పెద్దాఫీసరు సరేనంటే అతని ఉద్యోగం పర్మనెంటు, పెదవి విరిస్తే ఇంటికే. తొట్టి ఒకసారి చూసుకుందామని ఆ రాత్రి బయల్దేరాడు.

షెడ్డు దగ్గరికొచ్చేసరికి... గర్... గర్... ఎవరో ఎముకలు అరగదీస్తున్నట్టు.

రాళ్ల మీద ఎప్పుడూ జారే నీళ్ల చప్పుడు లేదు. ముక్కు మండే ఘాటు... టార్చి వేశాడు — తొట్టి మధ్యలో, తల నుంచి పాదాల దాకా తెల్లగా, ఒక ఆకారం... మెల్లగా లేచి... ఇటు తిరిగింది.

"అరవకు బాబూ. నేనే."

అత్తగారు. ఆ ప్లాంటులోనే ఊడ్చే పని ఆవిడది. చేతిలో ఇనప బ్రష్షు, ఒళ్లంతా బ్లీచింగు పౌడరు. గిన్నె అడుగున మసి కనిపిస్తే నిద్రపట్టని మనిషి. ఇంత పాచి చూస్తే ఆఫీసరు అల్లుణ్ణి గెంటేస్తాడని, నీళ్లు కట్టేసి, సందెవేళ నుంచి ఒక్కో రాయీ తోముతోందట.

"ఇన్నాళ్లూ ఇదెలా పెట్టుకున్నావయ్యా?" అని గుసగుసగా మందలించింది. "రేపు నీ పరువేం కాను?"

అతను రాళ్ల మీద టార్చి తిప్పాడు. తొట్టిలో ఒక్క సూక్ష్మజీవీ మిగల్లేదు. నిజం చెబితే ఇద్దరి పనీ పోతుంది. చెప్పకపోతే...

చెప్పలేదు.

పొద్దున్నే ఆఫీసరు వచ్చాడు. నీళ్లు గ్లాసులో పట్టి వెలుతురుకెత్తి చూశాడు. రంగు లేదు. బ్లీచింగు వాసనకైతే మురిసిపోయాడు. నీళ్లలో మందులున్నాయా అని చూడాలన్న ఊసే లేదు. రాయి మీద వేలు రాశాడు, ఏమీ అంటలేదు. ఇంకేం కావాలి? మనవాళ్లకి పైన తళతళలాడితే చాలు, లోపల విషమున్నా అడిగి మరీ వడ్డించుకుంటారు.

ఉద్యోగం అక్కడికక్కడే పర్మనెంటు. తోమింది తనేనని ఆఫీసరుకి చెప్పుకుని, అత్తగారు ఓ పక్కకి తిరిగి కళ్లు తుడుచుకుంది.

కారెక్కబోతూ ఆఫీసరు ఆగి, అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"మిగతా ఊళ్లలో తొట్లన్నీ దరిద్రంగా ఉన్నాయయ్యా. రేపట్నుంచి నువ్వూ మీ అత్తగారూ తిరిగి, వాటినీ ఇలాగే తోమించండి."

"అలాగే సార్," అన్నాడు ఆపరేటరు.