చివరి గదిలో ఆగని ఫ్యాను

మూడో అంతస్తు చివర ఉన్న ఆ గదికి పేరు పాడైపోయింది. పొద్దు వాలితే అటువైపు వెళ్లే మనిషి లేడు. లోపల ఎవరూ ఉండరు, కానీ ఫ్యాను అరుస్తుంది — సీలింగు ఫ్యాను కాదు, కంప్యూటరులోది. తలుపు కింద సందులోంచి నీలం వెలుగు పాకుతుంది. హ్యాండిల్ మీద చెయ్యి వేస్తే... వెచ్చగా తగులుతుంది.

కట్టబోయే భవనాలకి ముందుగానే ఫొటోల్లాంటి బొమ్మలు చేసిచ్చే ఆఫీసు అది. ఆ గదిలో పనిచేసిన మనిషి ఆ కుర్చీలోనే పోయాడు. వరసగా రాత్రుళ్లు పనిచేసి, ఓ తెల్లవారుజామున బల్ల మీద తల వాల్చి కనిపించాడు. డాక్టర్లు గుండె అన్నారు. ఆఫీసులో మాత్రం, పోయినా పని వదల్లేదు, ఇంకా బొమ్మలు చేస్తున్నాడు అన్నారు.

ఆ పోయినతని అక్క చెప్పింది చెప్పినట్టే మీకు చెబుతున్నాను.

ఆవిడకి మందుల షాపుంది. దెయ్యాల మీద నమ్మకం లేదు, ఆ ఆఫీసు యజమాని మీద ఒళ్లు మంట. ఎందుకంటే ఆ గదిలోని కంప్యూటర్ సిస్టమ్ ఆఫీసుది కాదు. తమ్ముడు ఒక్కో భాగం కొనుక్కొచ్చి ఆవిడ భోజనాల బల్ల మీద బిగించుకున్నది. ఆఫీసులోది నత్తలా నడుస్తోందని అక్కడికి మోసుకెళ్లాడు. వాడు తన చేతుల్తో చేసిన వస్తువు అదొక్కటే మిగిలింది. ఆవిడకి అది కావాలి.

అడిగినప్పుడల్లా యజమాని గొంతు తగ్గించేవాడు.

"ఆ గది మంచిది కాదమ్మా... అక్కడి వస్తువు ఇంట్లో పెట్టుకుంటారా? కొన్నాళ్లు ఆగండి. మీ మంచికే చెప్తున్నా."

"నా మంచి నేను చూసుకుంటా. వస్తువివ్వండి."

"తలుపు తియ్యడానికి ఎవరూ ఒప్పుకోవట్లేదమ్మా..."

పోయినవాణ్ని చూడ్డానికొచ్చిన రోజు కూడా ఆ పెద్దమనిషి నిట్టూర్చి అన్న మాట ఆవిడ మరిచిపోలేదు: "ఇంకొక్క నెట్టు నెడితే పనైపోయేదమ్మా." తమ్ముడు బతికుండగా ఫోనులో ఆ మాటే అనుకరించి అక్కని నవ్వించేవాడు.

ఓ సాయంత్రం ఆవిడ షాపు తొందరగా మూసేసి, చెప్పకుండా వెళ్లింది. అందరూ వెళ్లిపోయారు. డ్రాయింగులు గీసే అమ్మాయి ఒక్కతే లైట్లు ఆర్పుతోంది. ఈవిణ్ని చూసి గతుక్కుమంది.

"ఇప్పుడొద్దక్కా... మొదలయ్యే వేళయింది."

"ఏంటి మొదలయ్యేది?"

"అరుపు."

"తాళంచెవి ఇలా ఇవ్వు."

"సార్ చంపేస్తారక్కా!"

"ఒకణ్ని చంపాడుగా. ఇంక ఓపికుండదులే, ఇవ్వు."

వరండా పొడుగునా చీకటి. నాలుగడుగులు వేశారో లేదో — మొదలైంది. ముందు సన్నగా, ఈల వేసినట్టు. తర్వాత హోరు. గోడ మీద చెయ్యి వేసి నడుస్తున్న అమ్మాయి చటుక్కున చెయ్యి తీసేసింది. గోడ కాదు, భయం తగిలింది ఆ పిల్లకి.

అక్క తలుపు తీసింది.

వేడి మొహాన కొట్టింది. కిటికీలు బిగించి ఉన్నాయి. ఏసీ ఆపేసి ఉంది, రిమోట్‌లో బ్యాటరీలు కూడా పీకేసి ఉన్నాయి. కంప్యూటరు పెట్టె ముందు గాలి పీల్చే జల్లెడ మీద దుమ్ము కంబళిలా పేరుకుంది. తెర మీద ఓ ఎత్తైన భవనం ముక్కముక్కగా తయారవుతోంది. తెర మూల వేగం పెంచి తగ్గించే చిన్న గీత — పూర్తిగా పైకి జరిపి ఉంది.

తమ్ముడు చెప్పింది గుర్తొచ్చింది. "బూస్ట్ అంటే పరుగక్కా. పని మీద పడితే ప్రాసెసర్ మామూలు వేగం దాటి కాసేపు పరిగెడుతుంది. ఆ పరుగు గంటలకొద్దీ నిలబడాలంటే పుట్టిన వేడి పుట్టినట్టే లాగెయ్యాలి. ఊరికే తోలితే పాడైపోతుంది." ఇంటికి బయల్దేరేముందు వాడు ఆ గీతని సగానికి దించేవాడట. పెట్టె నెత్తిన అరచెయ్యి వేసి, జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు చూసేవాడట. చల్లబడ్డాకే లైటు ఆర్పేవాడు.

కుర్చీ ఖాళీగా ఉంది. మౌసు బల్ల మీద కదలకుండా ఉంది.

తెర మీద బాణం... కదిలింది.

"అక్కా... వచ్చేశాడు..." అమ్మాయి ఆవిడ చెయ్యి పట్టేసుకుంది.

ఎంత గుండె దిటవున్నా, ఆ క్షణం అక్క ఒకడుగు వెనక్కి వేసింది. బాణం ఓ ఉత్తరం తెరిచింది. అక్షరాలు వాటంతటవే పడసాగాయి... 'పొద్దున్నకల్లా బొమ్మలు పంపేస్తాం. ఇంకొక్క నెట్టు నెడితే పనైపోతుంది.'

అక్క ఆ అడుగు మళ్లీ ముందుకి వేసింది. కోపం వచ్చింది.

ఇది దెయ్యం కాదు. ఇంట్లో సోఫాలో కూర్చుని, లాప్‌టాప్‌తో దూరం నుంచి ఈ సిస్టమ్‌ని రాత్రంతా తోలుతున్న పెద్దమనిషి. ఎవరూ తలుపు తియ్యకుండా, ఈవిడ పట్టుకుపోకుండా — పోయినవాణ్ని కాపలా పెట్టాడు!

ఆవిడ తమ్ముడి కుర్చీలో కూర్చుంది. కీబోర్డు లాక్కుని, ఆ మాట కిందే కొట్టింది:

'నేను చచ్చింది చాలలేదా?'

బాణం ఉన్నచోటే బిగుసుకుపోయింది.

"అదేంటక్కా అలా రాశారు!"

"దెయ్యం కావాలన్నాడుగా. తీసుకోమన్నా."

కాసేపు ఏం జరగలేదు. ఫ్యాను హోరు ఒక్కటే... తర్వాత బాణం మళ్లీ కదిలింది. ఈసారి తొందరలేదు. మెల్లగా తెర మూలకి వెళ్లింది. గీతని పట్టుకుని, సగానికి దించింది.

హోరు తగ్గింది. ఈలయింది. ఊపిరంతయింది.

"జడుసుకున్నాడు వెధవ," అంది అక్క.

పెట్టె నెత్తిన అరచెయ్యి వేసి, చల్లబడేదాకా నిలబడింది. అప్పుడు ఆపి, తీగలన్నీ పీకి, లైటు ఆర్పింది. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని మెట్లు దిగారు.

పొద్దున్నే ఫోను. యజమాని గొంతు ఈసారి నిజంగానే వణుకుతోంది.

"అమ్మా... రాత్రి ఆ గదిలో ఏదో రాసింది..."

"రాసింది నేనే. సిస్టమ్ నా దగ్గరే ఉంది."

వణుకు క్షణంలో ఎగిరిపోయింది. "మీరా! ఎంత పని చేశారండీ! నా పనంతా..."

"నోరు ముయ్యండి. బతికుండగా వాణ్ని తోలారు. పోయాక వాడి వస్తువుని తోలారు. చాలక వాణ్ని దెయ్యాన్ని చేశారు. ఒక్క మాట చూడగానే వేగం దించడం వచ్చిందే మీకు — ఆ బుద్ధి ముందే ఉంటే నా తమ్ముడు ఉండేవాడు."



"నేను... దించడమేంటమ్మా? ఆ మాట కనబడగానే లాప్‌టాప్ మూసేశా. ఇంట్లో నెట్ తీగ కూడా పీకేశా. దించింది మీరు కాదా?"

భోజనాల బల్ల మీద, ఏ తీగా తగలకుండా, తమ్ముడి పెట్టె నిలబడి ఉంది. అక్క దానివైపు చూస్తూ ఉండిపోయింది. ఒళ్లు జలదరించింది. కోపం మాత్రం అంగుళం కదల్లేదు.

"అంటే," అంది, "నిన్న కూడా మీరు దించలేదన్నమాట."

ఫోను పెట్టేసింది.