ఎంగిలి కుంచె

రమాకుమారికి ఒక చెడ్డ అలవాటు ఉంది. కుంచె మొన సన్నగా నిలవాలని దాన్ని పెదాల మధ్య పెట్టి నాలుకతో ఒకసారి తిప్పుతుంది. మినపగింజంత మొహం మీద కన్ను దిద్దాలంటే వేరే దారి లేదంటుంది. ఎంగిలి కుంచెతో వేసిన బొమ్మల్ని ఎవరు కొంటారని అత్త అప్పమ్మ దెప్పితే, కొన్నవాళ్లు వాటిని నాకరు కదా అని నోరు మూయించేది.

అవి పిల్లలాడుకునే బొమ్మలు కావు. అంగుళం ఎత్తు సైనికులు. సాల్ట్ లేక్‌లో ఐటీ ఉద్యోగాలు చేసే బెంగాలీ కుర్రాళ్లు సెలవు రోజున బల్ల మీద సైన్యాలు మోహరించి, పాచికలు వేసి యుద్ధాలాడుకుంటారు. బొమ్మలు బూడిదరంగు ప్లాస్టిక్‌లో వస్తాయి. వాటికి రంగులు వేసి, ఒక్కోదాన్ని రూపాయి బిళ్లంత చక్రం మీద అతికించి, ఆ చక్రం మీద నేల తయారు చెయ్యాలి. ఇసుకో, రాళ్లో, గడ్డో, మంచో. దాన్ని బేస్ అంటారు. ఊరికి ఈ చివర, గంగ ఒడ్డున మెటియాబ్రుజ్‌లో ఒక పాత మేడ పైవాటాలో, కింద దర్జీల మిషన్ల రొద వింటూ రమాకుమారి చేసే పని ఇదే. భర్త రేవు పనికి పోతే చీకటి పడ్డాకే ఇంటికొస్తాడు.

ఆ వానాకాలంలో మాత్రం ఆమె మనసు బొమ్మల మీద లేదు. కాలేజీలో చదివే కూతురు భానుకి టైఫాయిడ్ వచ్చి తగ్గింది. జ్వరమైతే పోయింది గాని ఆకలి తిరిగి రాలేదు. ముద్ద నోటి దగ్గరికి తెస్తే చాలు మొహం తిప్పేసుకునేది. గంజి పోస్తే కక్కేది. మణికట్టు మీది గాజు మోచేతి దాకా జారుతోంది. తిండి పడకపోతే మళ్లీ ఆస్పత్రిలో చేర్చాల్సిందే, ఈసారి సంగతి నేను చెప్పలేను అన్నాడు డాక్టరు. ఇంట్లో అందరి నోటా ఒకటే మాట. ఇవాళ భాను ఏమైనా తిందా?

సరిగ్గా అప్పుడే జయంత్ దగ్గర్నుంచి పని వచ్చింది. ఆ కుర్రాళ్ల జట్టుకి పెద్ద అతనే. బురదలోంచి లేచొచ్చే శవాల సైన్యం కావాలన్నాడు. బురద అచ్చం బురదలా ఉండాలన్నాడు.

బురదకి కరువేముంది. ఆటు సమయంలో గంగ వెనక్కి తగ్గినప్పుడు రమాకుమారి ఘాట్ మెట్లు దిగి, నల్లటి ఒండ్రు డబ్బా నిండా తీసుకుంది. పక్కనే ఒక ఆకు దొన్నె, నలిగిన పూలు, కాలిన అగరువత్తుల పుల్లలు ఉన్నాయి. ఎవరో కర్మ చేసుకుని వెళ్లారు. ఘాట్ అన్నాక ఉంటాయి. ఆమె పట్టించుకోలేదు.

బయటి మట్టిని పెనం మీద బాగా వేయించాకే జిగురులో కలపాలి. లేకపోతే బూజు పడుతుంది, పురుగు చేరుతుంది. ఈ పనిలో ఓనమాలు ఇవే. కానీ భాను చుట్టూ తిరగడంతో తీరిక దొరక్క, డాబా మీద కాసేపు ఎండబెట్టి కానిచ్చేసింది. మట్టిలో తెల్లని పలుకులు కనిపించాయి. ఎముక ముక్కల్లా భలే ఉన్నాయని జల్లించకుండా ఉంచేసింది.

ఆ బేస్‌లు ఆరలేదు.

జిగురు గంటల్లో గట్టిపడాలి. రోజులు గడిచినా ఇవి తడిగానే ఉన్నాయి. వేలు పెట్టి తీస్తే సన్నటి తీగ సాగింది, నిద్రపోయేవాడి నోటి చొంగలా. పైగా వాసన. పులిసిన అన్నం, నెయ్యి, అడుగున ఇంకేదో మురుగు. రమాకుమారి ముక్కు మూసుకుని పని చేసింది. ఆ బురద తాకిన కుంచె నాలుక మీద పెట్టినప్పుడల్లా చేదుగా నువ్వుల రుచి తగిలేది. ఉమ్మేసి, నోరు పుక్కిలించి, మళ్లీ కూర్చునేది.

ఒక పొద్దున భాను మంచం దిగి వచ్చింది. ఏమీ తోచడం లేదు, నేనూ వేస్తానంది. తల్లి చేతిలో కుంచె తీసుకుని, తల్లిలాగే పెదాల మధ్య పెట్టి మొన తిప్పింది. కాస్త ఆగింది. మళ్లీ పెట్టుకుంది.

"అమ్మా, ఆకలేస్తోంది," అంది.

రమాకుమారికి కళ్లనీళ్లు రాలేదు. అలాంటి మనిషి కాదు. గబగబా కుక్కరు పెట్టింది, అంతే. భాను రెండు మార్లు పెట్టించుకుని తింది. అప్పమ్మ దిష్టి తీసింది.

ఆ రోజు నుంచి భాను తినే తీరు మారిపోయింది. కూర అక్కర్లేదు, ఉప్పు అక్కర్లేదు. ఉత్త అన్నం వేళ్లతో నలిపి నలిపి, ఉండ చేసి మింగేది. పళ్లు లేనిదానిలా చిగుళ్లతో నమిలేది. పెదాల మూలల్లో తెల్లగా పేరుకునేది. చూడలేక రమాకుమారి వంటింట్లోకి వెళ్లిపోయేది, కానీ తింటోంది కదా. ఒక మధ్యాహ్నం పిల్ల మగతలో ఎవరినో "బౌమా" అని పిలిచింది. బెంగాలీ అత్తలు కోడల్ని పిలిచే పిలుపది. పుట్టి పెరిగింది ఇక్కడే, కలలూ బెంగాలీలోనే వస్తాయి కాబోలనుకుంది తల్లి.

మర్నాడు ముసురు పట్టింది. బజారు నుంచి తడిసి వచ్చేసరికి పట్టపగలే చీకటి. కరెంటు లేదు. కింద మిషన్లు ఆగిపోయాయి. మేడంతా నిశ్శబ్దం. మెట్లెక్కుతుంటేనే వాసన ఎదురొచ్చింది. చీరకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. అత్త ముందుగదిలో కునుకు తీస్తోంది. లోపల్నుంచి ఏదో చప్పుడు...

చప్పరింపు.

ఆగుతోంది. మళ్లీ... తీరిగ్గా... ఇష్టంగా.

భాను బల్ల ముందు కూర్చుని ఉంది. చేతిలో కుంచె. ముందు రంగులు లేవు. బేస్ మీద తడి మట్టిని కుంచెతో తీస్తోంది, నాలుకకి రాసుకుంటోంది. ఒకటయ్యాక ఇంకొకటి. ఖాళీ అయిన చక్రాలు గీకిన కంచాల్లా మెరుస్తున్నాయి. వాటి మీద శవాలు, కాళ్ల కింద నేల లేకుండా, భాను వైపే తిరిగి నిలబడి ఉన్నాయి.

"భానూ... నోరు తెరు."

తెరిచింది. నాలుక నల్లగా ఉంది. దాని మీద తెల్లగా పలుకు ఒకటి అంటుకుంది. రమాకుమారి గోటితో గీకి, ఫోను వెలుతురులో భూతద్దం కింద పెట్టింది. పురుగేమో అనుకుంది. పురుగైనా బాగుండేది.

అన్నం మెతుకు. అప్పుడే వార్చినట్టు ఉబ్బి, మెత్తగా. పక్కన ఒక నువ్వుగింజ.

వెనకనుంచి అప్పమ్మ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. గొంతు తగ్గించి అడిగింది. "పిండాల వాసనేటే ఇంట్లో? ఎక్కడ్నించి తెచ్చావు ఆ మట్టి?"

ఘాట్ మెట్ల కింద, దొన్నె పక్కన తీశానని రమాకుమారి చెప్పింది.

"చచ్చినోళ్ల కూడు తెచ్చి నీ ఎంగిలి కలిపావటే. ఆ ఎంగిలి దీనికి పెట్టావటే. తీస్కెళ్లి పడెయ్. ఎనక్కి సూడకు."

ఆలోచించడానికేమీ లేదు. బొమ్మలు, డబ్బా, కుంచెలు అన్నీ సంచిలో వేసుకుని వానలోనే ఘాట్‌కి వెళ్లింది. గంగ పోటు మీద ఉంది. విసిరేసింది. సంచీ కూడా విసిరేసింది. దారిలో గోడ పక్కన ఖాళీ కడుపుతో వాంతి చేసుకుంది. నల్లగా వచ్చింది. వెనక్కి మాత్రం చూడలేదు.

ఇంటికొచ్చేసరికి వాసన లేదు. భాను నాలుక ఎర్రగా, మామూలుగా ఉంది. అప్పమ్మ దేవుడికి దీపం పెట్టింది.

రమాకుమారి పెరుగన్నం కలిపి తెచ్చింది. భాను మొహం తిప్పేసుకుంది. బతిమాలితే పళ్లు బిగించింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. కళ్లు లోపలికి పోయాయి. మంచినీళ్లు కూడా పెదాల మీంచి జారిపోయాయి.

"ఒక్క ముద్ద, నా తల్లి కదూ."

కదలిక లేదు. ఉప్పు సరిపోలేదేమోనని రమాకుమారి ముద్ద తన నాలుక మీద పెట్టుకుంది. రుచి చూసి తీసింది. అంతే.

భాను నోరు తెరుచుకుంది.

చేతిలో ఎంగిలి ముద్ద. రమాకుమారి దానివంక చూసింది. పిల్ల మెడ ఎముకల వంక చూసింది. పెట్టింది. భాను మింగి మళ్లీ నోరు తెరిచింది. ఊరికే కలిపిన ముద్ద పెడితే బయటికి నెట్టేసింది. రమాకుమారి తలుపు గడియ వేసి వచ్చింది, అత్త చూడకుండా. ఒక్కో ముద్దా తన నోట్లో పెట్టుకుని, తిప్పి, తీసి... పెట్టింది. నోట్లో నువ్వుల చేదు. కుంచెలన్నీ గంగలో పోయాక కూడా... నువ్వులు.

కంచం అడుగు కనిపించాక చెయ్యి ఆపింది.

"ఆర్ ఎక్టు దావ్, బౌమా."

ఇంకొంచెం పెట్టు, కోడలా. ముసలి గొంతు. నెమ్మదిగా, స్పష్టంగా, చాలా దగ్గర్నుంచి, రమాకుమారి నాలుక మీంచే.

భాను నోటి నిండా అన్నం ఉంది. ఇంకా నములుతూనే ఉంది.