చిల్లాకుల తాంబూలం

"ఆగు! ఆ చెట్టు మీది నుంచి చెయ్యి తియ్!"

అభినయ్ ఉలిక్కిపడ్డాడు. షెడ్డులోంచి శ్రీవల్లి కత్తెర పట్టుకుని వస్తోంది.

కివీల దేశంలో, టౌరంగా ఊళ్ళో ఈ నర్సరీ ఆమెదే. వరంగల్ పిల్ల. వచ్చిన ప్రతి తెలుగువాణ్ణీ దులిపి వదిలిపెడుతుంది. దులపాల్సిందే! మనవాళ్ళు పెరట్లో తనంతట తానే మొలిచిన గంగవాయిలి కూర మీద మందు కొట్టి, దుకాణానికి పోయి ఐసు కట్టిన గోంగూర కొంటారు. ఇక్కడ దారిపక్కన మొలిచే పూహా ఆకు పప్పులో వేస్తే ఆ చిరుచేదుకి రెండు ముద్దలు ఎక్కువ దిగుతాయి. దాన్నీ కలుపంటూ పీకేస్తారు!

అభినయ్ రెండు నెలలుగా ప్రతి శనివారం వచ్చి ఒక మొక్క కొంటున్నాడు. వారంలో చంపేసి మళ్ళీ వస్తున్నాడు. ఎందుకొస్తున్నాడో కుండీలకు కూడా తెలుసు. నోరు మాత్రం విప్పడు.

"తమలపాకులు కావాలి" అన్నాడు.

"ఇది తమలపాకు కాదు. దాని చుట్టం, కవకవ. ఎందుకు నీకు?"

"అమ్మ గుంటూరు నుంచి తెచ్చిన కట్ట ఎయిర్‌పోర్టులో లాగేసుకున్నారు. ఇవాళ పాపకూర ఊళ్ళో, పిల్లవాళ్ళింట్లో తాంబూలాలు మార్చుకుంటున్నాం."

"ఎవరికి?"

"నాకే."

కత్తెర ఒక్క క్షణం గాలిలో ఆగింది.

"పిల్లను చూసినవా?"

"వీడియో కాల్‌లో. బాగానే ఉంది. నువ్వేమంటావ్?"

"నన్నడుగుతవేంది? ఆకులు కావాలె, అంతేనా?"

"అంతే" అని అబద్ధమాడాడు.

ఆమె చకచకా కోసి చేతిలో పెట్టింది. ప్రతి ఆకూ జల్లెడే!

"ఇదేంటి, అన్నీ చిల్లులే?"

"పురుగు మెచ్చినయే మంచియి. మావోరీ పెద్దలు అవే కోస్తరు. కడుపు నొప్పికి కాచి తాగుతరు, దురదకు నూనెల మరగబెట్టి పూస్తరు."

"మందుకు సరే. తాంబూలంలో చిల్లాకు పెడితే వాళ్ళు గుమ్మం ఎక్కనిస్తారా?"

"ఎక్కనియ్యకపోతే నాకేం నష్టం?"

చినుకులు మొదలయ్యాయి. కారులో కూర్చుని విసిగిపోయిన అతని తల్లి సుభద్ర పట్టుచీర ఎత్తి పట్టుకుని షెడ్డులోకి పరుగెత్తుకొచ్చింది.

"ఏరా, నాలుగాకులు కోయడానికి ఇంతసేపా? అమ్మాయ్, ఇవేంటి, గేదెలకా?"

"కూసోండి ఆంటీ. తడిసిన్రు, ముందు ఈ ఆకుల కషాయం తాగుండ్రి."

సుభద్ర అనుమానంగానే ఒక గుక్క తాగింది. "మిరియాల ఘాటుందే! విమానం దిగిన కాణ్ణించీ బిగిసిన పొట్ట కాస్త తేలికపడినట్టుంది. సరే తల్లీ, నున్నటివి ఓ ఇరవై కోసివ్వు."

"కొయ్యను ఆంటీ."

"అదేం?"

"మీ కొడుకు అక్కడ తాంబూలం అందుకునుడు నాకిష్టం లేదు. చిల్లులున్నయే మంచియన్న మాట నిజమే. కావాలని ఇచ్చిన మాట కూడా నిజమే."

రేకుల మీద వాన దడదడలాడింది. సుభద్ర కొడుకు వైపు తిరిగింది.

"నీకు తెలుసా ఈ సంగతి?"

"అనుమానముంది."

"మరి నన్నెందుకు ఇంత దూరం రప్పించావురా?"

"ఈమె ఆపుతుందేమోనని చూశా."

శ్రీవల్లి భగ్గుమంది. "సిగ్గు లేదా? ఆపుడు నా పనా? మీ అమ్మకు, ఆ పిల్లకు, నాకు జవాబు నువ్వు చెప్పాలె. చెప్పకుంటే నున్నటియి నేనే కోసిస్త, పట్టుకపో!"

కత్తెర కదిలింది. నున్నటి ఆకు ఒకటి రాలింది. రెండోది. మూడోది.

అభినయ్ ఫోన్ తీసి పాపకూర పిల్లకి కలిపాడు.

"నిహారిక గారూ, తప్పంతా నాది. ఇవాళ మేం రావట్లేదు. నేను ఇంకొకరిని ఇష్టపడ్డాను." అవతలి మాట వింటూ చెవులదాకా ఎర్రబడ్డాడు. "అవునండీ, పిరికివాణ్ణే. మీవాళ్ళకి కూడా నేనే చెప్తాను."

ఫోన్ పెట్టేసి శ్రీవల్లి ముందుకొచ్చాడు.

"నాకు మొక్కలంటే ఇష్టం లేదు. నువ్వంటేనే ఇష్టం."

"గట్టిగ చెప్పు. వానల వినబడలే."

"నువ్వంటే ఇష్టం!"

వినబడింది. పక్కన కుండీలు చూస్తున్న కివీ ముసలాయనకి కూడా వినబడింది.

సుభద్ర మట్టిబస్తా మీద సర్దుకుని కూర్చుంది. "అమ్మాయ్, మీ నాన్న నంబరివ్వు. వీడు నోరు తెరిచి ఆయన్ని అడిగేసరికి నాకు ఎనభై ఏళ్ళొస్తాయి."