అక్క చేతి కొలత

మా బావ పొద్దున లేవగానే చేసే మొదటి పని, అక్క వాచీని ఊపడం.

అలమారలో పై సొరుగు తీసి, వాచీని అరచేతిలో పెట్టుకుని, మెల్లగా అటూ ఇటూ ఊపేవాడు. పసిపిల్లని జోకొట్టినట్టు. తర్వాత చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. టికటికటికటిక... అది వినబడ్డాక ముఖం తేటపడేది. వాచీని మళ్లీ సొరుగులో పడుకోబెట్టి, అప్పుడు వెళ్లి పళ్లు తోముకునేవాడు. నేను పక్క మీద కళ్లు మూసుకుని, నిద్ర నటిస్తూ, అంతా వినేదాన్ని.

అది బ్యాటరీ లేని వాచీ. పేరున్న కంపెనీది. పెళ్లయిన కొత్తలో బావ అక్కకి కొనిచ్చాడు. వేసుకున్న చెయ్యి కదులుతుంటే చాలు, దానంతటదే కీ ఎక్కుతుంది. తీసి పక్కన పెడితే ఒకట్రెండు రోజుల్లో ఆగిపోతుంది. అక్క పోయాక వేసుకునేవాళ్లు లేరు. అందుకే బావ ఊపేవాడు. మనిషి ఎలాగూ ఆగిపోయింది, ఇదైనా ఆగకూడదని.

నేను బావకి రెండో భార్యని. అంతకుముందు మరదల్ని. అక్క జ్వరంతో పోయిన ఏడాదికి పెద్దవాళ్లు కూర్చుని, ఇంట్లో పిల్లే కదా, తెలిసిన మనిషే కదా అని తేల్చేశారు. నాకు కొత్తేం కాదు. పుట్టినప్పటి నుంచీ అక్క వాడి వదిలినవే నావి. గౌన్లు, పుస్తకాలు, సైకిలు. ఒంటిమీదికొచ్చేవన్నీ నాకు వదులే. అక్కది బొద్దు చెయ్యి, నాది పుల్ల చెయ్యి. పిన్నీసులు పెట్టుకుని, కుట్లు వేసుకుని, ఎలాగో నా కొలతకి తెచ్చుకునేదాన్ని. మొగుణ్ని మాత్రం ఎక్కడ కుట్టి బిగించుకోవాలో తెలియలేదు.

పెళ్లికి ముందు "మరదలు పిల్లా" అని నోరారా పిలిచేవాడు. పెళ్లయ్యాక అలా పిలవడానికి నోరు రాలేదు. అక్కని పిలిచినట్టు "బంగారం" అనడానికి మనసు రాలేదు. దాంతో పిలవడమే మానేశాడు. ఆకలేస్తే "ఈ ఇంట్లో అన్నం పెడతారా?" అని గోడని అడిగేవాడు. నేను గోడ తరఫున వెళ్లి వడ్డించేదాన్ని.

నాకు కావలసింది ఒక్కటే. ఒక్కసారి నా వైపు తిరిగి, నన్ను చూసి, నన్నే పిలవాలి. ఆ సొరుగుని చూసే చూపులో సగం నా మీద పడినా చాలు.

అక్క చెడ్డదని నేననను. మంచిదే. కానీ తన వస్తువు తను ఇస్తేనే తీసుకోవాలి. అడక్కుండా ముట్టుకుంటే అరిచేది కాదు, అమ్మకి చెప్పేదీ కాదు. చప్పుడు చెయ్యకుండా వచ్చి నా మణికట్టు పట్టుకునేది. నొక్కేది. నా వేళ్లు తిమ్మిరెక్కి నల్లబడేదాకా నొక్కుతూ, చిన్న గొంతుతో "నాది నాకివ్వు" అనేది. పెట్టెలో పెట్టేశానన్నా, తర్వాత ఇస్తానన్నా వినేది కాదు. ఆ వస్తువు తన చేతిలో పడాలి. పడ్డాకే వదిలేది. ఎంత ఏడ్చినా, ఒక్కసారి కూడా, దానికి ముందు వదల్లేదు.

ఒకరోజు బావ ఎంత ఊపినా వాచీ నడవలేదు.

"ఆగిపోయింది," అన్నాడు, వాచీని చెవి దగ్గర్నుంచి తియ్యకుండానే.

నాకు లోలోపల చంకలు గుద్దుకోవాలనిపించింది. పైకి మాత్రం, "నూనె ఎండిపోయి ఉంటుంది బావా. సర్వీసుకిస్తే సరి," అన్నాను.

"కంపెనీ సెంటర్లోనే ఇవ్వు. సందుల్లో వాళ్లకివ్వకు, గీతలు పడతాయి. దారిలో చేతిలోనే పట్టుకో, సంచిలో వెయ్యకు. నువ్వే దగ్గరుండి ఇచ్చిరా. జాగ్రత్త."

పెళ్లయ్యాక నాతో అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం అదే మొదలు. చివర్లో ఆ జాగ్రత్త కూడా నాకోసం కాదు.

సర్వీసు సెంటరు మాకు నాలుగు వీధుల అవతల. చల్లటి ఏసీ, గాజు గోడ, దాని వెనక తెల్లకోట్లలో మెకానిక్కులు. కంటికి భూతద్దాలు తగిలించుకుని, ఊపిరి బిగబట్టి, చీమలకి ఆపరేషన్ చేస్తున్నట్టు వంగి కూర్చుంటారు. నాకు దొరికినాయన మాత్రం నోటికి తీరిక లేని మనిషి.

"ఎవరు వేసుకుంటారమ్మా దీన్ని?"

"ఎవరూ వేసుకోరు. పొద్దునపూట ఊపుతారు."

"ఊపుతారా? ఇది వాచీనా, ఉయ్యాలా?" నవ్వుతూ వెనక మూత విప్పి చూపించాడు. లోపల అరచందమామలాంటి ఇనుప రేకు ఒకటి. "చూశారా, చెయ్యి కదిలితే ఇది తిరుగుతుంది, స్ప్రింగు చుట్టుకుంటుంది. దీనికి మనిషి కావాలమ్మా. పెట్టెలో పెడితే అలుగుతుంది. విప్పి, కడిగి, నూనె వేసి ఇస్తాను. ఆ తర్వాత ఎవరో ఒకరు వేసుకోండి. లేకపోతే మళ్లీ నా ముఖం చూడాల్సొస్తుంది."

ఎవరో ఒకరు వేసుకోండి. ఆ మాట నాతోపాటు ఇంటికొచ్చింది. వంటింట్లోకొచ్చింది. పక్క మీదికీ వచ్చింది.

వాచీ తెచ్చుకోవడానికి వెళ్లిన సాయంత్రం ఆకాశం మూసుకుపోయి ఉంది. ఆయన దాన్ని నల్ల గుడ్డ మీద పెట్టి నా ముందుకి జరిపాడు. కొత్తదానిలా మెరుస్తోంది. టికటికటికటిక... ఎంత హాయిగా నడుస్తోందో! వేలితో ముట్టుకున్నాను. ఆ తర్వాత చెయ్యి దూర్చాను. జారి మోచేతి దాకా పోయింది.

"అబ్బో! చేతికి కాదు, భుజానికి పెట్టుకునేలా ఉన్నారే. మీదేనా అమ్మా?"

"నాదే," అన్నాను. తడుముకోలేదు కూడా.

"లింకులు తీసెయ్యనా మరి?"

"తీసెయ్యండి. సరిగ్గా నా కొలతకి చెయ్యండి."

స్టీలు గొలుసులోంచి సన్నటి పిన్నులు తోసి, ఇటు ఒకటి, అటు ఒకటి, రెండు లింకులు తీశాడు. జిప్పున్న చిన్న కవర్లో వేసి మూశాడు. "పారెయ్యకండి. రేపు మీ చెయ్యి లావైతే ఇవే కావాలి," అంటూ నా మణికట్టు మీద క్లిప్పు నొక్కాడు.

టక్.

అక్కడా ఇక్కడా ఎక్కడా వదులు లేదు. పుట్టి బుద్ధెరిగాక అక్క వస్తువు నాకు అతికినట్టు సరిపోవడం అదే మొదటిసారి. గాల్లో తేలుతూ ఇంటికి నడిచాను. బావ చూస్తాడు. తిట్టినా సరే, కొట్టినా సరే. ముందు చూస్తాడు కదా. ఆ వాచీ కోసమైనా నా చెయ్యి పట్టుకుంటాడు కదా.

ఇల్లు చేరేసరికి వాన మొదలైంది. బావ ఇంకా రాలేదు. లైటు వేశాను. అద్దం ముందు నిలబడి చెయ్యి ఇటు తిప్పి, అటు తిప్పి చూసుకున్నాను. "ఇది నాది," అన్నాను అద్దంతో.

లైటు పోయింది.

వీధి మొత్తం కరెంటు పోయింది. కిటికీ రేకు మీద వాన చప్పుడు. దాని కింద, సన్నగా, టికటికటికటిక. మామూలుగా అయితే చెవి ఆనిస్తే గానీ వినబడని చప్పుడది. ఇప్పుడు చెయ్యి కిందికి దించినా వినబడుతోంది.

మణికట్టు దగ్గర కొంచెం చురుక్కుమంది. వాన తడికి చెయ్యి ఉబ్బిందేమో అనుకున్నాను. పైకి జరుపుదామని చూస్తే జరగలేదు. ఇందాక చిటికెనవేలు దూరే సందుంది. ఇప్పుడు గోరు కూడా దూరడం లేదు.

క్లిప్పు నొక్కాను. రాలేదు. గట్టిగా నొక్కాను. రాలేదు.

అప్పుడొచ్చింది వాసన. తలనొప్పి మందు వాసన. ఘాటుగా, చల్లగా, ముక్కుపుటాలు మండేలా. ఆ మందు మా ఇంట్లో లేదు. కణతలకి రోజూ రాసుకునేది ఒక్కరే. ఆ సీసాలు అక్క పోయాక నేనే బయట పారేశాను.

"బావా?" అన్నాను, రాలేదని తెలిసీ.

సొరుగు... అలమారలో పై సొరుగు... చెక్క మీద చెక్క రాసుకుంటూ, నెమ్మదిగా తెరుచుకుంటున్న చప్పుడు.

ఫోను లైటు వేశాను. సొరుగు మూసే ఉంది.

చెయ్యి వెలుతురులో పెట్టి చూశాను. గొలుసు చర్మంలోకి దిగిపోయింది. వేళ్ల చివర్లు నల్లబడుతున్నాయి. లింకులు కలిపితే వదులవుతుందేమోనని పిచ్చి ఆలోచనతో, సంచిలోంచి కవరు తీశాను. జిప్పు వేసే ఉంది.

లోపల రెండుండాలి.

నాలుగున్నాయి.

చూస్తుండగానే చేతి మీద ఇంకో బిగింపు... చేతిలో కవరు ఇంకొంచెం బరువైంది. ఎముక మీద ఎముక రాసుకున్నట్టయింది. చెవి పక్కన, వాన కంటే చిన్నగా, ఊపిరి కంటే చల్లగా...

"నాది... నాకివ్వు."

చెప్పులు కూడా వేసుకోలేదు. పరిగెత్తాను.

సెంటరు షట్టరు సగం దించేశారు. దాని కింద నుంచి దూరాను. మెకానిక్కు కోటు విప్పుతున్నాడు. నా వాలకం చూసి ముందు నవ్వబోయాడు. నా చెయ్యి చూశాక నవ్వు ఆగిపోయింది.

"తీసెయ్యండి... ముందు తీసెయ్యండి."

దీపం కిందికి లాగి, పట్టకారు తీసుకున్నాడు. క్లిప్పు కింద పెట్టి తిప్పాడు. జారింది. మళ్లీ పెట్టాడు. చెమటలు పట్టాయి. "ఇందాక నేను రెండే తీశాను కదమ్మా? ఇన్ని ఎవరు తీశారు?"

నేను కవరు బల్ల మీద కుమ్మరించాను. గుప్పెడు లింకులు పడ్డాయి. ఆయన వాటిని చూశాడు, నా చేతిని చూశాడు. గొంతు తగ్గించాడు.

"ఇది చిన్నపిల్ల చేతి కొలత. ఏడెనిమిదేళ్ల పిల్ల చెయ్యి. దీంట్లో మీ చెయ్యి ఎలా పట్టింది?"

నేను నోరు తెరిచే లోపే, ఆయన పట్టకారు తగలకుండానే...

టక్.

క్లిప్పు తెరుచుకుంది. వాచీ జారి నల్ల గుడ్డ మీద పడింది. ఆగిపోయింది.

చేతిలోకి రక్తం మంటలా పారింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "మీరే ఉంచుకోండి, నీళ్లలో పారెయ్యండి, నాకొద్దు," అని బయటపడ్డాను. వాన వెలిసింది. వీధి దీపాలు వచ్చాయి. మణికట్టు చుట్టూ ఎర్రటి గాడి. ఊదుకుంటూ నడిచాను. వదిలేసింది, వదిలేసింది అనుకుంటూ నడిచాను.

మా వీధి మలుపు దగ్గర కాళ్లు ఆగిపోయాయి.

వాచీ బల్ల మీద పడింది. అక్క చేతిలో పడలేదు. అయినా వదిలింది.

తనది తన చేతికి రాందే, అక్క ఎప్పుడూ వదల్లేదు.

మరి ఏం తీసుకుని వదిలింది?

ఇంటి తలుపు తెరిచి ఉంది. అన్ని గదుల్లోనూ లైట్లు. బావ ముందు గదిలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు. అలాంటి నవ్వు ఆ ముఖం మీద చూసి ఎన్నాళ్లయిందో. నా వైపు తిరిగి, నన్ను చూసి, నోరారా పిలిచాడు.

"ఏం మరదలు పిల్లా! ఎప్పుడు రావడం? ఇలా తడిసిపోయావేంటి?"

గుమ్మం పట్టుకున్నాను.

"బావా... నేను..."

"ముందు కూర్చో. చెప్పులేవి, దారిలో అమ్మేశావా?" పకపకా నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, లోపలి గది వైపు కళ్లతో చూపించాడు. "దాని వాచీ అడక్కుండా వేసుకెళ్లావటగా? కోపంగా ఉంది. నేను సర్దిచెప్పాన్లే. తల దువ్వుకుంటోంది, వచ్చేస్తుంది."

"బావా, లోపల ఎవరూ..."

"ష్."

లోపలి గదిలోంచి తలనొప్పి మందు వాసన. దాని వెనకే, చాలా చిన్నగా, స్టీలు క్లిప్పు పడిన చప్పుడు.

టక్.

బావ ఆ తలుపు వైపు చూశాడు. ఆ చూపు కోసం నేను ఎన్ని ఉదయాలు కళ్లు మూసుకుని పడుకున్నానో. ఒట్టేసి చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు ముందొచ్చింది భయం కాదు. ఎప్పటి అసూయే.

లోపలి నుంచి ఎవరూ రాలేదు. తెర కూడా కదల్లేదు.

కానీ బావ కుర్చీలోంచి లేచి, నవ్వుతూ పక్కకి జరిగి, దారి ఇచ్చాడు.