పదమూడు చుక్కలు

తెల్లారేసరికి కింద కొట్లో రెండో వాయి రొట్టెలు దిగాయి. ఆ వాసన మెట్లెక్కి ఇంట్లోకొచ్చింది. ఎప్పటిలాగే పదేళ్ల పిల్ల ఆ వాసన పడక కిటికీ తెరిచి ముఖం బయటపెట్టుకుంది. ఇంట్లో దాన్ని పిచ్చుక అంటారు.

పిచ్చుక తినేవి మూడే. పాలు, ఉడికిన బంగాళాదుంప, ఒకే కంపెనీ పేకెట్ బిస్కెట్లు. వేరే ఏది నాలుక మీద పడ్డా కడుపులో తిప్పి కక్కేస్తుంది. పది రోజులుగా బిస్కెట్లూ మానేసింది. పాల గ్లాసు చేతికిస్తే వెలుతురులో పెట్టి చూస్తోంది. బరువు ఇంకో కిలో తగ్గితే ముక్కులో గొట్టం వేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు. డైటీషియన్‌ని ఇంటికి పంపుతానన్నాడు.

"ఊరందరికీ రొట్టెలు వేసేవాడి ఇంట్లో పిల్ల ఎండిపోతోంది. వింటే నవ్వుతారు," అంది నాయనమ్మ. "రెండు పూటలు మాడిస్తే అదే తింటుంది."

"మాడ్చి చూశాం కదత్తయ్యా. కళ్లు తిరిగి పడింది."

"అంతా నీ గారాబం."

పిల్ల తండ్రి, రొట్టెలాయన, కిందనుంచి పైకొచ్చాడు. చేతుల పిండి దులుపుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు.

పదింటికి డైటీషియన్ వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోకుండా నేల మీద పిల్ల పక్కనే చతికిలబడింది. ఏం తిన్నావని అడగలేదు.

"బిస్కెట్లంటే నీకిష్టమటగా. వాటికేమైంది?"

పిచ్చుక పెన్సిళ్ల డబ్బాలోంచి ఒక బిస్కెట్ తీసింది. "వాటి మీద పదమూడు చుక్కలుంటాయి. దీని మీద పన్నెండే. ఇది అది కాదు, వేషం వేసుకొచ్చింది. అమ్మకి చెప్పాను. నమ్మలేదు."

"కంపెనీవాళ్లే మార్చుంటారనుకున్నాను," అంది తల్లి.

డైటీషియన్ బిస్కెట్ వాసన చూసింది. గుమ్మంలో ఉన్న మనిషి గోళ్లలోని పిండి చూసింది. 

"నేనే చేశాను," అన్నాడు రొట్టెలాయన. "బాదం పొడి, గుడ్డు కలిపాను. వాళ్ల కాగితంలోనే పెట్టి ఇస్త్రీపెట్టెతో అంటించాను. కాస్త బలం లోపలికి పోతుందని..."

తల్లి గిర్రున ఆయన వైపు తిరిగింది. "పది రోజులుగా నన్ను తిట్టిపోస్తుంటే పక్కనే నిలబడి విన్నారా? తెలిసే విన్నారా?"

ఆయన తల ఎత్తలేదు. 

"ప్రేమతోనే చేశారు," అంది డైటీషియన్ మెల్లగా. "కానీ ఇది మొండితనం కాదు. కొత్తది నోట్లో పడితే, తేలు కనబడ్డట్టు ఒళ్లంతా బెదురుతుంది. బెదురు లేకుండా తినేవి మూడే. వాటిలో దొంగచాటుగా కలిపితే ఉన్నదీ పోతుంది. బలానికి మందు డాక్టరుగారే రాస్తారు, అదీ పిల్లకి చెప్పే ఇద్దాం. ముందు ఈ మూడూ నిలబెట్టాలి. కొత్తది తర్వాత. అదీ ముందు చూడ్డం, ముట్టుకోవడం, వాసన చూడ్డం. తినమని ఎవరూ అనొద్దు. 'ఒక్క ముక్కే' అని కూడా అనొద్దు."

"ఎన్నాళ్లు పడుతుంది మేడం?" అడిగింది తల్లి.

"నెలలు పట్టొచ్చు. వారం వారం నేనొస్తాను."

రొట్టెలాయన మెట్లు దిగి, ఎదుటి కొట్లో కొత్త పేకెట్ కొనుక్కొచ్చాడు. పిల్ల ముందు పెట్టి తనూ నేల మీద కూర్చున్నాడు.

"నేను విప్పలేదమ్మా. నువ్వే విప్పుకో. నాన్న తప్పు చేశాడు."

పిచ్చుక అతుకుల్ని వేలితో తడిమింది. చింపింది. ఒక బిస్కెట్ తీసి పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. పదమూడు. మధ్యకి విరిచి, సగం పట్టుకున్న చెయ్యి తండ్రి వైపు చాపింది. ఆ చెయ్యి పుల్లలా ఉంది. ఆయన ముఖం విప్పారింది.

"ముందు నువ్వు తిను నాన్నా," అంది. "నేను చూస్తాను."

అందుకోబోయిన చెయ్యి గాల్లో ఆగింది. నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

ఆయన బిస్కెట్ నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. దిగలేదు. ఇసకలా గొంతుకి అడ్డం పడింది. ఇరవై ఏళ్లుగా లోకానికి తిండి వండి పెట్టిన మనిషికి, తిండి గొంతు దిగకపోవడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి.

పిచ్చుక తన నీళ్ల గ్లాసు ఆయన వైపు జరిపింది.

"తొందరేం లేదు నాన్నా. కొంచెం కొంచెం తాగు. నాకూ అలాగే దిగుతుంది."

ఆయన గొంతు కదిలేదాకా కళ్లార్పకుండా చూసింది. తర్వాత మిగిలిన సగం తన నాలుక మీద పెట్టుకుంది.

తినమని ఎవరూ అనలేదు.