చచ్చినోడి నంబరు

క్వారీ మలుపులో బండ్లు వాటంతటవే ఆగిపోతాయని పేరు. నేను చూళ్ళేదు, విన్నది విన్నట్టు చెప్తున్నా.

మీసాలాయనని ఓ లారీ డ్రైవరు, అక్కడే పోయాడు. బ్రేకులు పోయి లారీ పక్కనున్న క్వారీ గుంతలో పడితే, వెనకున్న రాళ్ళన్నీ క్యాబిన్ మీదికొచ్చి ఆయన్ని నుజ్జు నుజ్జు చేశాయి. మనిషిని దుప్పట్లో మూటగట్టి పైకి తెచ్చారు. లారీని తియ్యలేక వదిలేశారు. అప్పట్నుంచీ ఏ డ్రైవరూ ఆ మలుపులో హారన్ కొట్టడు... లేచొస్తాడని.

డబ్బాలోడు మాత్రం పకపకా నవ్వేవాడు. లారీల్లో నల్ల డబ్బాలు బిగించడం వాడి పని. బండి ఎక్కడుందో ఆఫీసుకి చెప్పే డబ్బాలవి. ప్రతి డబ్బాకీ పుట్టుకతో ఒక నంబరుంటుంది. సిమ్ మార్చినా అది మారదు, పని తెలిసినోడు దొంగచాటుగా మారిస్తే తప్ప. ఒకే నంబరు రెండు చోట్ల కనబడిందా, దొంగ డబ్బా అనుకుని ఆఫీసు కంప్యూటరు ఇంజన్‌కి తాళం వేసేస్తుంది. డబ్బా పీకినా తాళమే!

బావ లారీలో డబ్బా కాలిపోతే ఆఫీసు దాని నంబరు రద్దు చేసింది. బావంటే వాడి సొంత అక్క మొగుడే. కొత్త నంబరు రాయించాలంటే ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరగాలి. "చచ్చినోడికి నంబరెందుకులే" అనుకుని, వీడు మీసాలాయన లారీలోని డబ్బా నంబరునే కొత్త డబ్బాలోకి ఎక్కించి బిగించేశాడు.

పాపం, మీసాలాయనకి వీడంటే ప్రాణం. సిగరెట్లు కొట్టేస్తాడని, ఎవరూ లేనప్పుడు "దొంగల్లుడా" అని పిలిచేవాడు. ఆ పిలుపు వాళ్ళిద్దరికే తెలుసు.

ఆ రాత్రి బావ పక్కన వీడూ ఉన్నాడు. మలుపు దగ్గరపడగానే బావ గొంతు తగ్గించాడు.

"కాసేపు నోరు మూసుకోరా."

"ఏం, మీసాలాయన వింటాడా?" అంటూ వీడు చెయ్యి చాచి హారన్ నొక్కాడు.

అంతే... ఇంజన్ ఆగిపోయింది.

స్టీరింగు బిగుసుకుపోయింది. లారీ కొండని గీరుకుంటూ పోయి, అడ్డం తిరిగి, ముందు చక్రం గుంత అంచు దాటాక ఆగింది. అద్దం పగిలి బావ మొహంలో దిగింది. తలుపు లోపలికి నొక్కుకొచ్చి తొడ ఎముక విరిచేసింది. రెండో కాలు మాత్రం బ్రేకు మీదే ఉంది.

"కాలు తియ్యకు బావా!"

"తీస్తే కిందికే, తెలుసులేరా... కళ్ళు తిరుగుతున్నాయి. ఎంతసేపు తొక్కను?"

ఇంజన్ లేస్తే వెనక్కి లాగొచ్చు. వీడు దూకి చక్రాల కింద రాళ్ళు పెట్టాడు. బరువుకి అవి పటపటా పగుల్తున్నాయి. ఆఫీసుకి ఫోన్ కొడితే రాత్రి డ్యూటీ అమ్మాయి ఎత్తింది.

"అన్నా, మీ నంబరు రెండు చోట్ల వెలుగుతోంది. ఒకటి మీది. రెండోది... మీ కిందే. గుంతలో."

"తాళం తీసెయ్యమ్మా, నీకు పుణ్యముంటుంది!"

"నేను తీసినా మళ్ళీ పడిపోతోందన్నా. అది ఆరాలి."

వీడికి అక్క మొహం గుర్తొచ్చింది. చక్రాలు విప్పే ఇనపరాడ్డు పట్టుకుని జారుతూ, పడుతూ గుంతలోకి దిగాడు. నలిగిన క్యాబిన్‌లో ఏదో వెలుగు... వీడు దగ్గరికొచ్చేసరికి ఠక్కున ఆరిపోయింది. పచ్చ లైటొక్కటే మిణుకుమిణుకుమంటోంది.

"నా బావనొదిలెయ్యి... నీకు దణ్ణం పెడతా" అని గొణుగుతూ చెయ్యి లోపల పెట్టాడు.

రెండు చేతులు వాడి మణికట్టు పట్టుకున్నాయి!

వీడు కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఎముకలు పటుక్కుమన్నాయి, వెచ్చగా ఏదో మొహం మీద చిందింది. దెయ్యానికి రక్తమేంటన్న ఆలోచన కూడా రాలేదు. ఆ చేతులు వదిలేదాకా, డబ్బా పిండయ్యేదాకా, పచ్చ లైటు ఆరేదాకా కొడుతూనే ఉన్నాడు.

పైన ఇంజన్ గర్రుమంది. లారీ వెనక్కొచ్చి బావ బతికిపోయాడు.

పొద్దున ఆసుపత్రిలో బావ పక్క మంచం మీద పాత సామాన్లేరుకునే ముసలాయన కనిపించాడు. రెండు చేతులకీ కట్లు. సాయానికొచ్చిన డ్రైవర్లే గుంతలోంచి మోసుకొచ్చారట.

"రాగి తీగల కోసం దిగాను బాబూ. ఆ డబ్బా పనిచేస్తే ఎవరైనా కొంటారని బ్యాటరీకి తగిలించి చూశా. పైన చప్పుడైతే భయమేసి నక్కాను. కొట్టొద్దని బతిమాలుదామని చెయ్యి పట్టుకుంటే, ఎవడో చావగొట్టాడు."

దెయ్యం కాదు! అమ్మయ్య అనుకున్నాడు, మరుక్షణం సిగ్గుతో చచ్చిపోయాడు. ముసలాయన కాళ్ళు పట్టుకుని ఏడ్చేశాడు.

"ఆ ఎవడో నేనే తాతా. నన్ను క్షమించు."

ముసలాయన కట్టు కట్టిన చేత్తోనే వాడి తల నిమిరాడు.

"ఏడవకు. పైన చప్పుడవగానే డబ్బాని బ్యాటరీ నుంచి పీకేద్దామనే అనుకున్నా. నాకు టార్చి పట్టిన పెద్దాయనే వద్దన్నాడు. ఆయనకి దెబ్బలేం తగల్లేదు కదా?"

"ఏ... ఏ పెద్దాయన?"

"గుబురు మీసాలాయన. 'ఇంకాసేపు వెలగనీ. మా దొంగల్లుడు వస్తున్నాడు... నా నంబరు వాడి దగ్గరుంది' అన్నాడు."