బొట్టు పెట్టిన మోడెం

"ఆ ఫోను తీగ తెచ్చి కంప్యూటర్‌కి తగిలించావంటే పిడుగు నేరుగా ఇంట్లోకే వస్తుందిరా" అన్నాను. అప్పటికి మోడెం ఇంకా కొట్లోనే ఉంది. వాన కూడా మొదలవలేదు.

మా అబ్బాయి దుర్గాప్రసాద్ వినలేదు. అది 2001 జూలై. అందరి కంప్యూటర్లలో విండోస్ ఉంటే వీడి దాంట్లో లినక్స్ అనేది ఉంది. దానికి ఇంటర్నెట్ రావాలంటే ఫోను లైనుకీ కంప్యూటర్‌కీ మధ్య మోడెం ఉండాలట. గవర్నర్‌పేటలో ఒక షాపుకి వెళ్లి, లోపల బిగించే కార్డు ఒకటి తెచ్చాడు.

మాది చేపల వ్యాపారం. కొత్త వలైనా, ఐసు పెట్టైనా పసుపు కుంకుమ పడకుండా మా ఇంట్లో వాడం. వాడు స్నానానికి వెళ్లగానే కార్డుకి బొట్లు పెట్టాను. ఎక్కడ పెట్టాలో తెలియక నల్లగా నిగనిగలాడిన చోటల్లా పెట్టాను.

కార్డు పనిచేయలేదు. లినక్స్ దాన్ని గుర్తుపట్టనే లేదన్నాడు. మర్నాడు మార్చి ఇంకోటి తెచ్చాడు. దానికీ బొట్టు పెట్టాను. అదీ పనిచేయలేదు. అలా నాలుగు. ఎందుకైనా మంచిదని నాలుగోదానికి నిమ్మకాయతో దిష్టి కూడా తీశాను.

వాడి వాలకం మారిపోయింది. ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయేవాడు. వానలో తడిసి వచ్చి తనలో తానే నవ్వుకునేవాడు. మోడెం కోసం పిచ్చెక్కినవాణ్ణి ఎక్కడా చూడలేదన్నాడు మా ఆయన పేరయ్య. నాకు మాత్రం కారణం తెలుసు. నా కుంకుమే కార్డుల్లోకి దిగి, నా కొడుకు బుర్ర చెడగొడుతోంది.

ఐదో రోజు గొడుగేసుకుని వాడికంటే ముందే ఆ షాపుకి వెళ్లాను. కౌంటర్ వెనక సుధామణి అనే అమ్మాయి ఉంది.

"ఆ బొట్లు పెట్టింది నేనేనమ్మా. కేసు పెడితే నా మీద పెట్టండి, వాడి మీద వద్దు" అన్నాను.

ఆ పిల్ల నవ్వాపుకుంటూ నన్ను కూర్చోబెట్టింది. బొట్ల తప్పేమీ లేదట. ఆ కార్డులకి సొంత తెలివి ఉండదట, పనంతా విండోసే చేసిపెట్టాలట. లినక్స్‌కైతే బయట పెట్టుకునే డబ్బా మోడెం కావాలట, దాని పని అదే చూసుకుంటుందట.

"ఈ సంగతి మావాడికి తెలీదా?"

"మొదటిరోజే చెప్పానండి. అర్థమైందన్నారు. అయినా రోజూ వచ్చి లోపలిదే అడుగుతున్నారు."

అప్పుడర్థమైంది నాకు. వాడికి పిచ్చే, కానీ మోడెం మీద కాదు. వెంటనే ఇంకో భయం పట్టుకుంది. ఈ పిల్ల మనసులో ఏమీ లేకపోతే? వాడు జన్మంతా కార్డులు మారుస్తూనే ఉంటాడు.

ఆమె వెనక గోడకి కొత్త కాగితం అంటించి ఉంది. 'పూజ చేసిన సామాను వాపసు తీసుకోబడదు.' ఆమె చున్నీ అంచు చూస్తే ఎర్రగా ఉంది.

"అవి పనిచేయవని నీకు తెలుసు. వాపసు తీసుకోకూడదనీ తెలుసు. బొట్లు తుడిచి మరీ ఎందుకు మార్చిచ్చావమ్మా?"

ఆమె ఒక పెట్టె తీసింది, మళ్లీ అక్కడే పెట్టింది. బయట సిటీ బస్సు వెళ్లింది. ఇంకోటి వెళ్లింది. పిల్లకి మాట పడిపోయిందేమో, ఆ పాపమూ నాకే చుట్టుకుంటుందేమో అనుకున్నాను. మూడో బస్సు కూడా వెళ్లాక తలెత్తకుండా చెప్పింది.

"డబ్బాది ఇస్తే మొదటిరోజే పనిచేసేస్తుందండీ. ఇంక ఆయన రారు కదా."